తట్టకూడని డబ్బా

ఫ్రీజరు వచ్చేలోపు కావాల్సిన పనులు ఇవి: ఇంక్యుబేటరును మనిషి ఒంటి వేడికి తెచ్చి అక్కడే నిలబెట్టాలి. ఫంగస్‌ను పెంచి, కడిగి, మైక్రోస్కోపు కింద లెక్క చూడాలి. సన్న సూదుల్ని శుద్ధి చేయాలి. ప్లాస్టిక్ పళ్ళేలకు చీటీలు అంటించాలి. మేడమ్‌ను అడిగి కొత్తమందు సీసా బయటికి తీయించాలి. వరండాలో పెద్దసారు ఎదురైతే నవ్వాలి. పురుగుల్ని సంపాదించాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి. నవ్వడం కూడా అయింది. పెద్దసారు తిరిగి నవ్వలేదు, అది వేరే సంగతి.

పెద్దమ్మాయి ఆ ల్యాబులో పురుగుల మీద పరిశోధన చేసే పిల్ల. ఇద్దరు కూతుళ్ళలో పెద్దది కాబట్టి తండ్రి అలా పిలుస్తాడు. ఆయన మాట్లాడితే ఫోను అక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు, అంత గొంతు. ఆ గొంతు విని విని ల్యాబంతా ఆమెను పెద్దమ్మాయి అనే పిలవడం మొదలుపెట్టింది, ల్యాబు నడిపే మేడమ్‌తో సహా. ఆ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అందుకే ఏ పనైనా, పక్కన ఎవరో నిలబడి చూస్తున్నట్టే చేస్తుంది.

ఆమె పని చెబితే చిన్నది, చేస్తే పెద్దది. ఆసుపత్రి నుంచి ల్యాబుకు ఒక ఫంగస్ వచ్చింది. మంచాన పడ్డ రోగుల రక్తంలో చేరి, మామూలు మందులు వేస్తే దులుపుకుని లేచే రకం. దాన్ని అణచడానికి మేడమ్ ఒక కొత్తమందు తయారుచేశారు. గాజు పళ్ళెంలో ఆ మందు పులిలా పనిచేసింది. కానీ పళ్ళెంలో గెలవడం వేరు, ప్రాణమున్న ఒంట్లో గెలవడం వేరు. నేరుగా మనుషులకు ఇవ్వలేరు. ఎలుకలకు ఇవ్వాలంటే దానికి బోలెడు అనుమతులు, బోలెడు ఏర్పాట్లు. అందుకని మధ్యలో మైనపు పురుగు వచ్చింది.

మైనపు పురుగంటే తేనెపట్టులోని మైనం తిని బతికే ఒక చిమ్మట పిల్ల. మీగడ రంగులో, చిటికెనవేలిలో సగం పొడవుంటుంది. మనిషికీ పురుగుకీ చుట్టరికం ఏమిటని ఎవరికైనా నవ్వు రావచ్చు. కానీ దాని ఒంట్లోనూ మన తెల్లరక్తకణాల్లాంటి కాపలావాళ్ళున్నారు. క్రిమి చొరబడితే చుట్టుముట్టి మింగేస్తారు. మన ఒంటి వేడిని కూడా ఆ పురుగు హాయిగా ఓర్చుకుంటుంది. ఫంగస్ గెలిస్తే నల్లబడి చస్తుంది. మందు గెలిస్తే తెల్లగా, బద్ధకంగా, బతికి ఉంటుంది.

చిక్కల్లా పురుగుల గదితో వచ్చింది. వరండా చివర ఉన్న ఆ చిన్నగది కావాలని పెద్దసారు ఎప్పటినుంచో అంటున్నారు. ఆయన ఆ విభాగానికి అధిపతి. చెడ్డమనిషి కాదు. అన్ని ల్యాబుల రక్తనమూనాలూ భద్రపరచడానికి ఒక పెద్ద ఫ్రీజరు వస్తోంది, దాన్ని పెట్టడానికి చోటు లేదు.

"చూడమ్మా పెద్దమ్మాయ్," అన్నారాయన. "ఫ్రీజరు వచ్చే రోజుకి మందు వేయని పురుగులు చచ్చి, వేసినవి బతికి ఉంటే గది నీది. ఆ తేడా చూపించలేకపోతే గది ఫ్రీజరుది. ఇందులో నా తప్పేమైనా ఉందా?"

తప్పేమీ లేదు. అదే బాధ. గది పోతే ఆమె పరిశోధన మళ్ళీ మొదటికొస్తుంది. మొదటికొస్తే పూర్తిచేసేంత గడువు ఆమెకు మిగల్లేదు.

ఇంత పట్టుదల మీద ఉండగా, సెలవులకు ల్యాబు మూసిన సమయంలో, పురుగుల అల్మరా కాళ్ళకింద పెట్టిన నీళ్ళగిన్నెలు ఎండిపోయాయి. చీమలు వరస కట్టి వచ్చాయి. తెరిచి చూస్తే అల్మరాలో పురుగులు లేవు, వాటి జాగాలో చీమల జాతర.

"ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు డౌటన్న. అతను అదే ల్యాబులో ఆమెకంటే ముందునుంచీ ఉన్న పరిశోధకుడు. పొద్దున్నే తలుపు తీసి "ఇది మన ల్యాబేనా?" అని అనుమానపడే మనిషి కాబట్టి ఆ పేరొచ్చింది.

"మా నాన్నకు ఫోన్ చేస్తాను."

"మీ నాన్నగారు తేనెటీగలు కదా పెంచేది?"

"అందుకే."

ఆమె ఆ మాట అనేసింది కానీ, ఫోను చేతిలోకి తీసుకుని రెండుసార్లు మళ్ళీ కింద పెట్టింది. తేనెపెట్టెలున్న ఇంటికి మైనపు పురుగు ఆగర్భ శత్రువు. పట్టును నమిలి, గూడుకట్టి, పెట్టెకు పెట్టె నాశనం చేస్తుంది. తాను చేసే పని ఏమిటని తండ్రి అడిగినప్పుడల్లా "ఏవో క్రిములు నాన్నా" అని దాటేస్తూ వచ్చింది. ఆ క్రిమి ఈ క్రిమేనని ఎన్నడూ చెప్పలేదు.

"నాన్నా, మన పాతపెట్టెల్లో ఈసారి మైనపు పురుగు పట్టిందా?"

అవతల ఆయనకు వంటమనిషిని పట్టుకుని మీ కూరలో బొద్దింక ఉందా అని అడిగినట్టుంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఉంటే నాకు కావాలి."

"ఏంటి, పురుగా?"

"అవును. ఎన్నుంటే అన్ని. నేను ఇన్నాళ్ళూ వాటిమీదే చదువుతున్నాను నాన్నా."

"చంపడానికా?"

"ముందు జబ్బు చేయించడానికి. తర్వాత నయం చేయడానికి."

"నయం చేస్తావా!" ఆ అరుపుకి డౌటన్న చేతిలో పరీక్షనాళిక ఊగింది. "మీ తాత కాలం నుంచీ తగలబెడుతూ వస్తున్నామే దాన్ని! నువ్వు అక్కడ కూర్చుని దానికి సూది మందు వేస్తున్నావా? ఇదిగో, విన్నావా? నీ కూతురు..."

వెనకనుంచి తల్లి గొంతు: "ఏమంటోందండీ?"

"మన ఇంటి దరిద్రానికి గిరాకీ వచ్చిందంటోంది!"

"అయితే ఆలస్యమెందుకు, మొత్తం ఇచ్చేసి రండి."

అంతే, ఆ మనిషి ఆగలేదు. మార్కెట్టుకు తేనె వేసుకెళ్ళే మోటారుసైకిలు తీశాడు. పెద్ద బిస్కెట్ల డబ్బా మూతకు బెజ్జాలు కొట్టి, పురుగు పట్టిన పట్టుముక్కలు నింపి, వెనక సీటుకు తాడుతో బిగించి బయల్దేరాడు. దారంతా గుంతలు, గుంతల మధ్య కాస్త రోడ్డు. ల్యాబు గుమ్మం ముందు దిగేసరికి కనుబొమ్మల దాకా దుమ్ము.

"ఇదేనా మీ బడి?" అన్నాడు చుట్టూ చూసి. కూతురు పనిచేసే చోటికి ఆయన రావడం అదే మొదలు. గొంతు తగ్గించాలని ప్రయత్నించాడు గానీ ఫలించలేదు. "పురుగులకేం ఢోకా లేదమ్మా. దారిలో ఆగిన ప్రతిచోటా డబ్బా తట్టి చూశాను. తట్టి, చెవి పెట్టి విన్నాను. గరగరమంటూనే ఉన్నాయి."

తేనెటీగలు పెంచేవాళ్ళకు అది ఊపిరి తీయడం లాంటి అలవాటు. పెట్టె మూత తీయకుండా, వేలి కణుపుతో రెండు దెబ్బలు వేసి చెవి ఆనిస్తారు. ఝుమ్మని ఒక్కసారి లేచి సద్దుమణిగితే గూడు బాగున్నట్టు. ఏడుపులా సాగితే రాణి ఈగ లేనట్టు. లోపలి ప్రాణుల యోగక్షేమాలు కనుక్కోవడానికి ఆయనకు తెలిసిన మర్యాద అదే.

డౌటన్న ఎదురొచ్చి, "రండి బాబాయ్. ఇవి నిజంగా మైనపు పురుగులేనా?" అన్నాడు.

"కాదు బాబూ, వానపాములు. అనుమానమా?"

"అనుమానం అతని ఇంటిపేరు నాన్నా," అంది పెద్దమ్మాయి. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన డబ్బాకి ఇంకో రెండు దెబ్బలు వేసి, "ఆఁ, లేచాయి," అన్నాడు.

ఆమె చేయి కడుక్కుని కూర్చుంది. ఒంటిమీద మచ్చల్లేనివి, ఒక్కతీరు బరువున్నవి, చురుకైనవి ఏరింది. ఏరిన ప్రతి పళ్ళేన్నీ అరలో పెట్టేముందు వేలితో తట్టి చూసుకుంది. బాగా కదిలాయి. ఆమెకు సంబరమేసింది. ఇంతకు ముందు ల్యాబులో పెంచినవి ఇంత పుష్టిగా ఎప్పుడూ లేవు.

తండ్రి, ల్యాబున్న ఊళ్ళోనే ఉండే పెద్దమ్మాయి పిన్ని ఇంట్లో దిగాడు. ఫలితం చూసేదాకా కదలనన్నాడు. "మన పురుగులు పరీక్ష రాస్తున్నాయి, మధ్యలో ఎలా వెళ్తాను?"

మూడు వరసల పళ్ళేలు. మొదటి వరస పురుగులకు ఉత్త ఉప్పునీళ్ళు. రెండోదానికి ఫంగస్. మూడోదానికి ఫంగస్, కాసేపాగి కొత్తమందు. పొట్టకింద బొడిపెల్లాంటి కాళ్ళుంటాయి, వాటిలో చివరి కాలి మొదట్లో సూది గుచ్చాలి. ఎక్కువ లోతుకు పోతే పేగు తెగుతుంది. ఆమె ఒక్కదాన్నీ పాడుచేయకుండా గుచ్చింది. పళ్ళేలన్నీ ఇంక్యుబేటర్లోకి వెళ్ళాయి. ఇక కాచుకోవడమే.

మర్నాడు పొద్దున ఉప్పునీళ్ళ పురుగులు బతికే ఉన్నాయి. బాగుంది. మందు వేసినవి బతికే ఉన్నాయి. చాలా బాగుంది. ఆమె రెండో వరస బయటికి తీసింది.

అవీ బతికే ఉన్నాయి. బతకడమే కాదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఆడుకుంటున్నాయి.

ఆ మరుసటి రోజూ అంతే. ఆ తర్వాతా అంతే.

పెద్దసారు వచ్చి, కళ్ళజోడు నుదుటిమీదికి జరిపి పళ్ళేలన్నీ చూశారు. "మందు వేసినవి బతికాయి, శభాష్. వేయనివి?"

"అవీ బతికాయి సార్."

"అయితే మందు గొప్పదనాలా, బూజు మంచిదనాలా?"

ఆయన వెక్కిరించలేదు. వెళ్తూ వెళ్తూ, "ఫ్రీజరు బయల్దేరిందట," అని మాత్రం అన్నారు.

తప్పు ఫంగస్‌దేమోనని డౌటన్న దాన్ని పళ్ళెంలో వేసి చూశాడు. ఎప్పటిలాగే దట్టంగా, పొగరుగా పెరిగింది. సూది మూసుకుపోయిందేమోనని చూశారు. లేదు. ఇంక్యుబేటరు వేడి సరిగ్గా ఉంది. మేడమ్ వచ్చి అన్నీ మళ్ళీ అడిగారు, అన్నిటికీ జవాబు సరిగ్గానే వచ్చింది. అన్నీ సరిగ్గా ఉండి ఫలితం ఒక్కటే తప్పయితే, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంటుంది పరిస్థితి.

వరండాలో బల్లమీద కూర్చున్న తండ్రికి విషయం చెప్పింది.

"చావలేదా?" ఆయన మొహం వెలిగింది. వెంటనే కూతురి మొహం చూసి, ఆ వెలుగును దాచుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. "చావాలా అవి? చావకపోతే మంచిది కాదూ?"

"కాదు నాన్నా. జబ్బు చేస్తేనే కదా మందు పనితనం తెలిసేది. జబ్బే చేయకపోతే మందు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"మరి మా పురుగులకేం తక్కువ? మన ఇంటి మైనం తిన్నవి. గట్టిపిండాలు. కావాలంటే ఈ మిగిలినవి చూడు." ఒళ్ళో ఉన్న బిస్కెట్ల డబ్బాని వేలి కణుపుతో కొట్టి, మూతకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "విన్నావా? ఎంత కోపంగా లేచాయో."

పెద్దమ్మాయి వినలేదు. ఆమె ఆయన వేలివైపు చూస్తోంది.

టక్, టక్. లోపల గరగర. టక్, టక్. మళ్ళీ గరగర.

ఆమె తన కుడిచేతి వైపు చూసుకుంది. అది బల్ల అంచుమీద, ఆమెను అడక్కుండానే, అదే తాళం వేస్తోంది.

"నాన్నా, దారిలో దీన్ని ఎన్నిసార్లు తట్టావు?"

"లెక్కెవరు పెట్టారు? ఆగినప్పుడల్లా."

"అవి లేచేవా?"

"లేవకుండా ఎలా ఉంటాయే? శత్రువొచ్చాడనుకుంటాయి. యుద్ధానికి సిద్ధమవుతాయి."

ఆయన మామూలుగా అన్నాడు, ఏదో మాటవరసకి. పెద్దమ్మాయికి మాత్రం వరండా ఒక్కసారి పొడవైపోయినట్టు అనిపించింది. గుంతల దారిలో డబ్బా కుదుపులు. ఆగినచోటల్లా దెబ్బలు. ల్యాబుకొచ్చాక ఏరిన ప్రతి పళ్ళేనికీ తన దెబ్బలు. పాపం ఆ పురుగులకు ప్రయాణం మొదలైన దగ్గర్నుంచీ ఒక్క క్షణం విశ్రాంతి లేదు. ఫంగస్ వెళ్ళేసరికి ఒంట్లోని కాపలావాళ్ళంతా కర్రలు పట్టుకుని నిలబడే ఉన్నారు!

ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ల్యాబులోకి పరుగెత్తింది. "అన్నా! మేడమ్! తట్టడం! తట్టడం వల్లే!"

"ఏం తట్టడం?" అన్నాడు డౌటన్న.

"పురుగుల్ని కంగారుపెట్టాం. నేనూ మా నాన్నా. కంగారు పడ్డ పురుగు ముందే మేలుకుంది. అందుకే దానికి జబ్బు చేయలేదు!"

డౌటన్న నోరు తెరిచాడు, అనుమానించడానికే. కానీ బయటికి వచ్చిన మాట వేరు. "అయితే... అయితే పరీక్షించవచ్చు కదా?"

మేడమ్ చేతిలో పెన్ను కింద పెట్టారు. తర్వాత నుదురు పట్టుకున్నారు. "పురుగుల్ని కుదిపితే వాటి రక్షణశక్తి కొన్నాళ్ళపాటు పెరుగుతుందని ఇదివరకే చూసినవాళ్ళున్నారమ్మా. నేను చదివాను కూడా. కళ్ళముందు జరుగుతుంటే గుర్తుపట్టలేదు చూడు."

పెద్దమ్మాయి ఉత్సాహం సూది గుచ్చిన బుడగలా కొంచెం దిగింది. ఇంకెవరో ముందే చూశారా! మళ్ళీ అంతలోనే లేచింది. ముందే చూశారంటే తాననుకున్నది పిచ్చి కాదన్నమాట. "అయితే కొన్నాళ్ళు కదపకుండా ఉంచితే మామూలుగా అయిపోతాయా మేడమ్?"

"అయిపోవాలి."

"ఫ్రీజరు వచ్చేలోపు?"

మేడమ్ తలుపువైపు చూపించారు. "వెళ్ళి పెద్దసారును అడుగు," అన్నారు. "నేను కాదు, నువ్వే అడుగు."

పెద్దసారు గదిలో ఆమె నిలబడే మాట్లాడింది. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది, తన చేతి అలవాటుతో సహా. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపారు.

"అంటే మీ నాన్నగారు డబ్బా తట్టారు కాబట్టి నా గది నీకివ్వాలంటావు."

"కాదు సార్. తడితే ఏమవుతుందో, తట్టకపోతే ఏమవుతుందో, రెండూ పక్కపక్కన చూపిస్తానంటున్నాను. చూపించలేకపోతే ఫ్రీజరుకు నేనే తలుపు తీస్తాను."

పెద్దసారు ఆమెను ఎగాదిగా చూశారు. "పురుగులకు జబ్బు రావాలని ఇంతగా మొక్కుకునే పిల్లని నిన్నే చూశాను. ఫ్రీజరు వాళ్ళని తొందరపెట్టను. ఆపమని కూడా చెప్పను. వచ్చిన రోజున వస్తుంది."

ఇక మొదలైంది అసలు కష్టం. డబ్బాలో మిగిలిన పురుగులకు విశ్రాంతి కావాలి. మందపాటి స్పాంజి పరిచి, చీకటిగా ఉండే అల్మరాలో డబ్బా పెట్టారు. అల్మరా కాళ్ళకింద గిన్నెల నిండా నీళ్ళు పోశారు. ఎవరూ తాకకూడదు. మూత తీయకూడదు. తలుపు చప్పుడు చేయకూడదు. ముఖ్యంగా ఒక మనిషి ఆ దగ్గరికే రాకూడదు.

"నావల్లేనా అంతా?" అన్నాడు తండ్రి. గొంతు మొదటిసారి నిజంగానే తగ్గింది. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పడుకున్నాయి. "నీ చదువు చెడగొట్టానా పెద్దమ్మాయ్?"

"నాకు ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది నాన్నా? నువ్వు సగం తట్టావు, నేను సగం తట్టాను. ఇద్దరం సమానం."

"మరి నేను ఊరెళ్ళిపోనా?"

"వద్దు. నీతో పనుంది. చెబుతాను."

ఆయన ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే వచ్చి వరండా బల్లమీద కూర్చునేవాడు. పురుగుల గది తలుపుకీ ఆయనకీ మధ్య డౌటన్న కుర్చీ వేసుకునేవాడు.

"బాబాయ్, చెయ్యి."

"ఏం చేసింది నా చెయ్యి?"

"గోడ తడుతోంది. గోడ అల్మరాకి ఆనుకుని ఉంది."

"గోడని కూడా తట్టకూడదా? అయితే ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లిగా పీల్చుకోండి."

నలభై ఏళ్ళ అలవాటు ఒక్కరోజులో పోతుందా? ఆయన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని బిగించి కూర్చునేవాడు. టీ తాగడానికి ఒకటి తీసి, తాగడం కాగానే మళ్ళీ పెట్టుకునేవాడు. లోపల ఉన్నవి ఎలా ఉన్నాయో తెలియదు. బతికున్నాయో లేదో వినడానికి లేదు. తన పెట్టెల్లో తేనెటీగల సంగతి కూడా ఇంత దిగులుగా ఎప్పుడూ అనుకోలేదని ఆయన ఫోనులో భార్యతో అన్నాడు. "మూతకు చెవి పెట్టకుండా కాపలా కాయడం ఎంత కష్టమో నీకు తెలీదే!" అవతల ఆవిడ, "ఇన్నేళ్ళు నాకు చెవి పెట్టకుండా కాపురం చేశారు కదండీ, అలాగే చేయండి," అంది. వరండాలో అందరికీ వినపడింది.

చివరికి డబ్బా తెరిచారు. పురుగులు మైనంలో ముడుచుకుని, మెత్తగా, మత్తుగా ఉన్నాయి. పెద్దమ్మాయి చేతికి గుడ్డ చుట్టుకుంది, పొరపాటున కూడా కణుపు తగలకుండా. దూదిమీద నడిపించినట్టు ఏరింది. ఈసారి నాలుగు వరసలు. ఉప్పునీళ్ళవి, ఫంగస్‌వి, ఫంగస్‌తోపాటు మందువి. నాలుగో వరస విడిగా వేరే బల్లమీద పెట్టింది.

"నాన్నా, రా. ఇది నీది."

"నాదా?"

"తట్టు. డబ్బాలో వేసి కుదుపు. దారిలో ఎలా చేశావో అలాగే. ఇష్టమొచ్చినంతసేపు."

ఆయన నమ్మలేదు. డౌటన్న వైపు చూశాడు. డౌటన్న తలూపాడు, అనుమానం లేకుండా. ఆయన చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి. ఇన్నాళ్ళ ఆకలి తీరేలా తట్టాడు. కుదిపాడు, తట్టాడు, చెవి ఆనించాడు, "లేచాయి, లేచాయి!" అని అరిచాడు. పక్క ల్యాబుల్లోంచి జనం వచ్చి గుమ్మంలో గుమిగూడారు. తర్వాత ఆ వరసకూ మిగతావాటికిచ్చినంత ఫంగస్సే, అదే సూదితో, అదే చేతితో ఇచ్చింది పెద్దమ్మాయి. మందు మాత్రం ఇవ్వలేదు.

ఫ్రీజరు తెల్లవారాక వచ్చింది. పళ్ళేలు ఇంకా ఇంక్యుబేటర్లోనే ఉన్నాయి. నలుగురు మనుషులు తాళ్ళతో మోసుకుంటూ వరండాలో నడుస్తుంటే నేల అదిరింది. పెద్దసారు ముందు నడుస్తున్నారు. పురుగుల గది ముందు ఆగారు.

"తియ్యి తలుపు," అన్నారు.

ఆమె గది తలుపు తోసి, లోపలున్న ఇంక్యుబేటరు తలుపు తీసింది.

ఉప్పునీళ్ళ వరస: తెల్లగా, బతికి ఉన్నాయి. రెండో వరస బయటికి వచ్చింది. బొగ్గుముక్కల్లా, వరసగా, నల్లగా, ఒక్కటీ కదలడం లేదు. బ్రష్షు కొసతో ముట్టుకుంది. కదల్లేదు. జీవితంలో చావును చూసి అంత సంతోషపడటం ఆమెకు అదే మొదలు, ఆ సంతోషానికి కొంచెం సిగ్గు కూడా వేసింది. మూడో వరస, మందు వేసినవి: ఒకటి రెండు నల్లబడ్డాయి, మిగతావన్నీ మీగడరంగులో మెల్లగా పాకుతున్నాయి.

"మందు పనిచేసింది!" డౌటన్న గొంతు కీచుమంది. "నిజంగా చేసిందా? చేసింది! నేను చూశాను, చేసింది!"

మేడమ్ పళ్ళెం అంచు పట్టుకుని, బతికినవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు.

"నాలుగోది?" అన్నారు పెద్దసారు.

పెద్దమ్మాయి నాలుగో వరస తీసి తండ్రి చేతుల్లో పెట్టింది. మందు చుక్క ఎరగని ఆ పురుగుల్లో ఎక్కువభాగం బతికున్నాయి. మొదటిసారి ఎలా పాకాయో అలాగే పాకుతున్నాయి.

ఆయన వాటివైపు చూశాడు. తర్వాత పక్కన నల్లబడ్డ వాటివైపు చూశాడు. "వీటిని తట్టాను," అన్నాడు నెమ్మదిగా. "వాటిని తట్టలేదు." ఇంకోసారి చూశాడు. అప్పుడు బయటపడింది ఆయన అసలు గొంతు. "ఓలమ్మో! ఇన్నాళ్ళూ వీటిని తగలబెట్టే ముందు తట్టి తట్టి నేనే బలంగా తయారుచేశానా!"

నవ్వు పురుగుల గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి ఫ్రీజరు మోస్తున్నవాళ్ళ దాకా పాకింది. వాళ్ళలో ఒకడు, "సార్, దించమంటారా? చేతులు పడిపోతున్నాయి," అన్నాడు.

పెద్దసారు నాలుగు వరసలూ మళ్ళీ మొదట్నుంచి చూశారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొదటిసారి ఎందుకు తప్పిందో కూడా చూపించావు," అన్నారు. "తప్పు ఎక్కడుందో చెప్పగలిగే పరీక్షనే నమ్మవచ్చు. దించండయ్యా, అక్కడ కాదు, నా గదిలో. నా సోఫా బయట పడేయండి. రేపట్నుంచి నన్ను కలవడానికొచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడతారు, ఈ అమ్మాయి లాగా."

ఆ తర్వాత చాలా పనులయ్యాయి. మళ్ళీ మళ్ళీ చేసి చూశారు, ప్రతిసారీ మందు నిలబడింది. ఎలుకలకు అనుమతి అడగడానికి మేడమ్ కాగితాలు పంపారు. ఆ మందు మనుషుల దాకా వస్తుందో రాదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. చాలా మందులు దారిలోనే ఆగిపోతాయి. కానీ దారిలో మొదటి మలుపు దాటింది, అది మాత్రం నిజం.

పురుగుల్ని పంపే బాధ్యత తండ్రిదే అయింది. మోటారుసైకిలు మానేశాడు. బస్సులో, కుదుపు తక్కువుండే ముందువైపు సీట్లో కూర్చుని వస్తాడు. కండక్టరు ఏముందని అడిగితే, "పురుగులు, మా అమ్మాయి చదువుకి," అని బస్సంతా వినిపించేలా చెబుతాడు. పక్కసీటు వెంటనే ఖాళీ అవుతుంది. ఆయనకు అదీ మంచిదే, డబ్బాకు ఎవరి మోచేయీ తగలదు.

మీరు ఎప్పుడైనా బస్సులో, స్పాంజి చుట్టిన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, లోపల ఏమవుతోందో వినాలని ప్రాణం కొట్టుకుంటున్నా వినకుండా కూర్చున్న పెద్దమనిషిని చూస్తే పలకరించకండి, ఆయన ఉలిక్కిపడితే డబ్బా కదులుతుంది. ఊరికే ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. రేపు ఎవరైనా ఆ మందుతో నయమై, ఆసుపత్రి మంచం మీంచి లేచి ఇంటికి వెళ్ళారని వింటే, అప్పుడు ఆయన్ని తలుచుకోండి.